రాని బండి పాట

పాట దొరికిందని ఫోన్ వచ్చినప్పుడు నా చేతుల నిండా పెసరపిండి. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"వదినా, నేను రూతుని. కాకినాడ నించి. అన్నయ్య పాత ఫోన్లో చిన్న కార్డు ఉండేది కదా. అది నా జామెట్రీ బాక్సులో ఉంది వదినా, ఇన్నేళ్ళూ. అందులో పాటుంది. మొత్తం ఉంది."

నేను బాత్రూం తలుపు మీద పిండి చేత్తోనే కొట్టాను. "కేదార్, పాట దొరికింది."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. తలుపు తీసేసరికి అతని చెవుల్లో సబ్బు నురగ అలాగే ఉంది. నా తలమీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. పొయ్యి మీద పెసరట్టు మాడిపోయింది. దాన్ని సగం సగం తిన్నాం. పెళ్ళయి యాభై ఒక్క రోజులు. మాడిన అట్టు కూడా పంచుకుంటే రుచిగా ఉండే రోజులు అవి. కొత్త మిక్సీ చప్పుడు, రెండే రెండు స్టీలు గ్లాసులు, పోపులపెట్టె గిన్నెల మీద నేను రాసి అంటించిన పేర్లు, బాల్కనీ లోంచి కనబడే బెత్తెడు సముద్రం, అన్నీ నాకు పండగే.

ఆ పాట సంగతి చెప్పాలి. అది సినిమా పాట కాదు. కేదార్ కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు అతని రూమ్మేట్ ఏలీషా, అంటే రూతు వాళ్ళ అన్నయ్య, కట్టిన పాట. నాలుగు తీగలే మిగిలిన గిటారుతో పాడేవాడట. రాత్రి పదకొండు దాటాక హాస్టల్ గోడ దూకి, ఇద్దరూ ఒకే బండి మీద రైల్వే స్టేషనుకి పోయేవారు. ఆ వేళకి టీ దొరికేది అక్కడే. ప్లాట్‌ఫాం చివరి బెంచీ వీళ్ళది. అక్కడ పుట్టింది పాట.

*రాని బండికి టికెట్టు కొన్నాను,*
*టీ చల్లారే లోపు రమ్మన్నాను.*

వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి బయటికి వెళితే బండి తాళం కేదార్ జేబులో ఉండాలి. ఏలీషాకి పాట ఎక్కితే బండి గాలిలో నడుపుతాడు. అందుకని పొద్దున్న టిఫిన్ అయ్యాకే తాళం అతని చేతికి వెళ్ళేది. నాలుగేళ్ళూ ఆ కట్టుబాటు తప్పలేదు. చివరి పరీక్షల ముందు ఒక తెల్లవారుజామున ఏలీషా ఒక్కడే బండి మీద వెళుతూ లారీ కింద పడ్డాడు. కేదార్ ఆ రోజంతా నూట నాలుగు జ్వరంతో హాస్టల్లో పడి ఉన్నాడు. లేచేసరికి ఆ రాత్రి అతని తలలోంచి చెరిగిపోయింది. తాళం తను ఇచ్చాడా, నిద్రపోతుంటే ఏలీషా తీసుకున్నాడా, పోట్లాడుకున్నారా, ఏమీ తెలియదు. ఎనిమిదేళ్ళుగా అదొక్కటే ప్రశ్న. ఇప్పుడు విశాఖపట్నంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు కానీ బండి ఎక్కడు. బస్సే.

నేను పనిచేసే ల్యాబులో ఆ ప్రశ్నకి జవాబు చెప్పే యంత్రం ఉంది. దానికి కాగితాల మీద పొడవాటి పేరు ఉంది గాని, మేమందరం దువ్వెన అనే అంటాం. నుదుటి మీదుగా పెట్టే వంపు పట్టీకి సన్నని పళ్ళు ఉంటాయి. ఏ జ్ఞాపకమైనా బుర్రలో ఒకచోట ఉండదు. వాసన ఒకచోట, మాట ఒకచోట, మొహం ఒకచోట, చెదిరిన జుట్టులా ఉంటుంది. ఆ పూట విన్న పాటే మళ్ళీ వినిపిస్తే, ఆ పాయలన్నీ ఒక్కసారి కదులుతాయి. దువ్వెన వాటిని పట్టి, కలిపి, జడ వేస్తుంది. మనిషికి ఆ పూట మొత్తం తిరిగి వస్తుంది. పక్షవాతం వచ్చిన ఆరుగురు పెద్దవాళ్ళకి అలా ఇచ్చాం. ఒక రిటైర్డ్ టీచరమ్మ, చిన్నప్పటి బడిపాట వినిపించగానే, తన పదేళ్ళప్పటి బడిగంట చప్పుడు మళ్ళీ విని, మా అందరి చేతులూ కళ్ళకద్దుకుంది.

తరవాత ఆవిడ ఆఖరి మనవడి బారసాల మరిచిపోయిందని కోడలు చెబితే, "వయసు కదమ్మా" అన్నాం. బడిపాటనే ఆవిడ ఆ పిల్లాడికి జోలగా పాడేదని కోడలు అన్న మాట ఎవరమూ రాసుకోలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద చేయడానికి అనుమతి వచ్చి నెలయింది. కేదార్ పేరు మొదటిదే. ఆ రాత్రి మోగిన శబ్దమే కావాలి గనుక ఆగాం. ఏలీషా ఆ రాత్రే ఫోన్లో రికార్డు చేసుకున్న పాట ఇప్పుడు వచ్చింది. రూతు పంపిన ఫైలు నా ఫోన్లో పడగానే అతను తెరవబోతే నేను లాక్కున్నాను.

"వినకూడదు. మెషీన్లోనే వినాలి."

"ఒక్క సెకను, వారీ."

"అర సెకను కూడా కుదరదు. ఎనిమిదేళ్ళు ఆగినవాడివి ఎనిమిది గంటలు ఆగలేవా."

"అప్పుడు పెళ్ళాం లేదు కదా, లాక్కోడానికి."

ఆ పాట నా జీవితంలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. ఎనిమిది నెలల కిందట మా ఇంట్లో పెళ్ళిచూపులు. మా అమ్మమ్మది విజయనగరం, మాట ఆగదు. "ఎప్పుడూ ఆడపిల్లనే పాడమంటారేటి, ఈసారి పెళ్ళికొడుకు పాడాలి" అంది. నాన్న తల పట్టుకున్నాడు. కేదార్ మొహం పాలిపోయింది. తరవాత కళ్ళు మూసుకుని, ఏడేళ్ళుగా ఎవరిముందూ పాడనిది, రాని బండి పాట పాడాడు. పాట అయ్యేసరికి నేను ఒప్పుకున్నాను. ఆ మాట పైకి చెప్పింది మర్నాడు.

ఇంక నేను ఆ పాటని వదలలేదు. ఫోన్ మోగితే అదే, నా గొంతుతో. కాలింగ్ బెల్ అదే. కొబ్బరి తురిమినా, జడ వేసుకున్నా, అతని చొక్కా ఇస్త్రీ చేసినా అదే కూని రాగం. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు అతనికి తెలియకుండా సన్నాయి మేళం వాళ్ళకి ముందే నేర్పించి వాయింపించాను. పంతులుగారు అదేదో కీర్తన అనుకుని తల ఊపారు. కేదార్ దోసిలి నిండా తలంబ్రాలతో అలాగే ఆగిపోయాడు. బియ్యం వేళ్ళ సందుల్లోంచి జారి నా ఒళ్ళో పడుతున్నాయి, పోయడం మాత్రం మరిచిపోయాడు.

ఆ మధ్యాహ్నం ల్యాబులో ఫారం నేనే నింపాను. తొమ్మిదో ప్రశ్న: ఈ పాటను గత అయిదేళ్ళలో విన్నారా?

పెన్ను ఆగింది. ఈ మధ్య విన్న పాటైతే సిగ్నల్ గజిబిజిగా వస్తుందని, ఇంకో పాట వెతుక్కోవాలని మాత్రమే మాకు తెలుసు. అంతకు మించిన కారణం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. అవును అని రాస్తే ఇవాళ జరగదు. బయట బెంచీ మీద కేదార్ మోకాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఏలీషా గొంతుతో అయితే వినలేదు కదా, పాడుకోవడం వేరు, వినడం వేరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 'లేదు' అని రాశాను.

మా ల్యాబు పెద్ద మంజులవాణి మేడమ్ కాగితం తిరగేశారు. "నువ్వే నింపావా?"

"నా దస్తూరీ బాగుంటుంది మేడమ్."

"దస్తూరీ సంగతి కాదమ్మాయ్. నువ్వు పెళ్ళానివి. వేరేవాళ్ళు నింపాలి."

"ఈ ఒక్కసారికి."

ఆవిడ నవ్వి సంతకం చేశారు. ఆ నవ్వు గురించి తరవాత ఆవిడ నన్ను క్షమాపణ అడిగారు.

కుర్చీలో వెనక్కి వాలి, పట్టీ పెట్టించుకుంటూ కేదార్ నా చున్నీ కొస పట్టుకున్నాడు. "వారీ, వాడేమన్నా తిట్టి ఉంటే నీకు చెప్పను."

"అన్నీ చెప్పాలి."

"సరే, బూతులు తీసేసి చెబుతా."

బొత్తాం నేనే నొక్కాను. పాట గదిలో ఎవరికీ వినబడదు, అతనికే. తెర మీద పాయలు ఒక్కొక్కటి వెలగడం మొదలైంది. మామూలుగా పాతిక ముప్ఫై వెలుగుతాయి. ఇతనికి వందలు వెలిగాయి. నేను గర్వంగా మేడమ్ వైపు చూశాను. మా ఆయన ఎంత ప్రేమగా దాచుకున్నాడో చూడండి అన్నట్టు. పాయలన్నీ ఒకవైపు ఒరిగాయి. బిగిశాయి. ఆ తరవాత అంచుల్లో ఉన్నవి, కొత్తవి, బాగా మెరుస్తున్నవి, ఒక్కొక్కటి ఆరిపోసాగాయి. అలా ఆరడం నేనెప్పుడూ చూడలేదు. మేడమ్ ముందుకు వంగారు. "ఆపు" అన్నారు. ఆపేసరికి పదకొండు సెకన్లు పట్టింది.

కేదార్ కళ్ళు తెరిచాడు. చెంపల మీద నీళ్ళు. అయినా మొహంలో ఎనిమిది నెలల్లో నేను ఎన్నడూ చూడని నెమ్మది.

"తాళం నేనే ఇచ్చాను" అన్నాడు, మేడమ్‌తో. "వాడి చెల్లి రూతుకి పొద్దున్నే ఎంట్రన్స్ పరీక్ష. సెంటరు దగ్గర దింపాలి. అడిగాడు. అప్పటికే నాకు ఒళ్ళు కాలిపోతోంది. 'ఒరేయ్, నువ్వు జొరంతో ఉన్నావు, పడుకో. పాట పాడకుండా ఎల్తానురా, ఒట్టు' అన్నాడు. అందుకే ఇచ్చాను. పోట్లాట లేదు. వాడు తప్పు చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు."

అతని చెయ్యి పట్టుకుందామని ముందుకు వెళ్ళాను. అతను మర్యాదగా కాస్త పక్కకి జరిగాడు.

"కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా, మేడమ్?"

వేళాకోళం అనుకున్నాను. మొదటి వారంలో నన్ను 'మీరు' అని ఏడిపించేవాడు.

"ఇప్పిస్తానండీ. ఐసు వెయ్యమంటారా, శ్రీవారూ?"

అతను కంగారుగా మంజులవాణి మేడమ్ వైపు చూశాడు. వేళాకోళంలో మనిషి కళ్ళు అలా ఉండవు. గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

"ఈవిడ ఎవరో తెలుసా?" మేడమ్ నెమ్మదిగా అడిగారు.

"ఇక్కడ పనిచేస్తారు కదండీ." నా మెడలో వేలాడుతున్న కార్డు చదివాడు. "వారిజగారు."

తరవాత గంటసేపు మేడమ్ ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. నేను గోడకి ఆనుకుని వింటూనే ఉన్నాను. అమ్మా నాన్నల పేర్లు చెప్పాడు. కాలేజీ, బస్సు నంబరు, తను చెప్పే పాఠాలు, అన్నీ సరిగ్గా చెప్పాడు. ఇల్లు మారినట్టు మాత్రం తెలియదు. ల్యాబు గురించి ఎవరు చెప్పారంటే, "ఎవరో చెప్పారండీ, మొహం రావట్లేదు" అన్నాడు. వేలికి ఉన్న ఉంగరం తిప్పి తిప్పి చూసి, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా తీసి బల్ల మీద పెట్టాడు.

మేడమ్ నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. "వారిజా, నిజం చెప్పు. ఈ పాట అతను ఈ మధ్య ఎక్కడ విన్నాడు?"

చెప్పాను. కాలింగ్ బెల్, ఇస్త్రీ, పెళ్ళిచూపులు, తలంబ్రాలు. చెబుతుంటే నాకే అర్థమైంది. నా ఇంట్లో ఆ పాట లేని మూల ఒక్కటి కూడా లేదు. నేనున్న ప్రతి చోటా దాన్ని కుట్టి పెట్టాను. దువ్వెన ఆ ఒక్క రాత్రిని జడ వేయడానికి పాయలన్నీ లాగింది. జడలో ఇమడనివి పళ్ళకి చుట్టుకుని ఊడివచ్చాయి. టీచరమ్మ మనవడి బారసాలలాగే.

"దాన్ని వయసు అనుకున్నాం" అన్నారు మేడమ్. "కోడలు చెప్పింది. వినిపించుకోలేదు."

"మళ్ళీ వస్తాయా?"

"మీ పెళ్ళి వీడియోలో సన్నాయి ఉంది కదా. దానితో దువ్వితే మీ పెళ్ళి జడ పడవచ్చు. అప్పుడు ఈ రాత్రి ఊడిపోతుంది. రెండూ కావాలంటే నాకు దారి తెలియదు."

లోపలికి వెళ్ళాక అతనికి అంతా చెప్పమన్నాను. నేను చెబితే బలవంతం అవుతుందని మేడమ్‌నే చెప్పమన్నాను. ఫోన్లో పెళ్ళి ఫొటోలు మాత్రం నేనే ఇచ్చాను, చప్పుడు లేనివి. అతను ఒక్కొక్కటి జరుపుతూ చాలాసేపు చూశాడు. పక్కింటివాళ్ళ పెళ్ళి ఫొటోలు చూసేటప్పుడు మనుషులు అంతే శ్రద్ధగా చూస్తారు.

"ఇది నేనే" అన్నాడు చివరికి. "సంతోషంగా ఉన్నాను."

"అవును."

"వాడు ఆ రాత్రి ఇంకో మాట అన్నాడండీ. నీ పెళ్ళికి నేనే పాడతాను, వేరే మేళం పెట్టావంటే తంతాను అన్నాడు. ఇప్పుడే విన్నాను, ఇక్కడే, వాడి గొంతుతోనే. వాడు లేకుండా పెళ్ళెలా చేసుకున్నానా అని ఈ ఫొటోలు చూస్తుంటే సిగ్గుగా ఉంది."

నోటిదాకా వచ్చింది. పాడాడు, కేదార్. తలంబ్రాలప్పుడు సన్నాయి మీద వాడే పాడాడు. నువ్వు దోసిలితో ఆగిపోయావు. ఆ మాట చెప్పాను కూడా. అతను నమ్మాడు. నమ్మడం వేరు, గుర్తుండడం వేరు. చుట్టం ఊరినించి మోసుకొచ్చిన కబురు విన్నట్టు విన్నాడు.

"మళ్ళీ దువ్వమంటే..." అతను ఆగి, నావైపు సూటిగా చూశాడు. "మీకు అన్యాయం చేస్తున్నానని తెలుస్తోంది మేడమ్. కానీ ఎనిమిదేళ్ళు. వాణ్ణి నేనే చంపానేమో అనుకుంటూ ఎనిమిదేళ్ళు పడుకున్నాను. ఇవాళే తెలిసింది. దీన్ని మళ్ళీ తీసెయ్యమనడం నావల్ల కాదు."

"తీసెయ్యమని నేనూ అననండీ" అన్నాను. నా నోట వచ్చిన 'అండీ' ఈసారి వేళాకోళం కాదు.

బయటికి వచ్చి ఫారం తీశాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర 'లేదు' కొట్టేసి, పక్కన ఉన్న ఖాళీలో రాయడం మొదలుపెట్టాను. పెళ్ళిచూపుల్లో ఒకసారి, నిశ్చితార్థంలో రెండుసార్లు, పెళ్ళిలో సన్నాయి మీద, ఆ తరవాత రోజూ లెక్కలేనన్ని సార్లు. చోటు చాలక వెనక పేజీలోకి వెళ్ళాను. కింద నా పేరు, తేదీ. ఇంకెవరి తలా ఆ పళ్ళ కిందికి వెళ్ళకుండా మేడమ్ యంత్రం గదికి తాళం వేసి, తాళంచెవి కవరులో పెట్టి అనుమతి ఇచ్చిన కమిటీకి పంపారు. కవరు మీద అడ్రసు నాతోనే రాయించారు.

కేదార్‌ని ఆ పూట పరిశీలనకి ల్యాబు గదిలోనే ఉంచారు. సాయంత్రం కాఫీ తీసుకెళ్ళాను. అతను మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యబోయి, ఆగి, కుర్చీ వీపు మీద చక్కగా పరిచి, రెండు కొసలూ సమంగా సర్దాడు.

కప్పుతో గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏంటండీ?" అన్నాడు.

"తువ్వాలు. అలా ఆరేశారేమిటి?"

అతను తువ్వాలు వైపు అనుమానంగా చూశాడు. "ఎవరో బాగా తిట్టారండీ నన్ను. తడి తువ్వాలు పరుపు మీద వేస్తావా, నీకు పరుపు మీ తాత కొనిచ్చాడా అని. గొంతు గుర్తుంది. ఎవరో రావట్లేదు. మా అమ్మ కాదు. అమ్మ అలా తిట్టదు."

పెళ్ళయిన పద్దెనిమిదో రోజు. మా ఒకే ఒక్క పోట్లాట. కోపంతో ఆ రోజంతా మూతి బిగించుకుని ఉన్నాను. కొబ్బరి తురిమాను, ఇస్త్రీ చేశాను, కానీ పాడలేదు. ఫోన్ మోగకుండా పెట్టాను, కాలింగ్ బెల్ కూడా పీకేశాను, అతను వస్తే తలుపు తట్టాలని. యాభై ఒక్క రోజుల్లో ఆ పాట లేని రోజు అదొక్కటే. దువ్వెనకి అంటనిది అదొక్కటే. నా సంతోషాలన్నీ ఊడిపోయి, నా తిట్టు మిగిలింది.

నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ నవ్వే ముందు వచ్చింది.

"ఆ గొంతు ఎలా ఉంది?" అని అడిగాను.

"కొంచెం..." అతను నా మొహంలోకి చూస్తూ మాట మధ్యలో ఆగాడు. గుర్తు రాలేదు. ఆ సంగతి కళ్ళలో తెలిసిపోయింది. కానీ చూపు తిప్పుకోలేదు. "కొంచెం మీ గొంతులా ఉంది."

"కేదార్‌గారూ, రేపు ఆదివారం. మీకు పనేమీ లేకపోతే మా ఇంటికి రండి. పెళ్ళిచూపులకి."

"ఎవరికి?"

"నాకు. మీరు చూడండి, నేనూ చూస్తాను. నచ్చకపోతే ఉప్మా తిని వెళ్ళిపోండి. అడ్రసు మీకు తెలియదు కాబట్టి రాసిస్తాను."

అతను బల్ల మీది ఉంగరం తీసుకుని, వేలికి పెట్టుకోకుండా, చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఎవరిదో తాళం భద్రంగా దాచినట్టు.

"ఎన్నింటికి రమ్మంటారు?"

వరండాలోకి వచ్చి అమ్మమ్మకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పేసరికి నాకు తెలిసి మొదటిసారి ఆవిడ నిమిషంపాటు మాట్లాడలేదు.

"ఏటే అమ్మా ఇది" అంది చివరికి. "పెళ్ళై రెండు నెల్లు నిండలేదు, మళ్ళీ పెళ్ళిచూపులేటే."

"రేపు పదిన్నరకి వస్తున్నాడు. అప్పుడు కట్టిన ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించి ఉంచు. ఉప్మాలో జీడిపప్పు వెయ్యి. హాల్లో మా పెళ్ళి ఫొటో తీసెయ్యకు, అలాగే ఉండనీ. నాన్నని కంగారు పడొద్దను. అన్నీ మొదటిసారి ఎలా చేశామో అలాగే చేద్దాం."

"అలాగేలే. నేను చూసుకుంటాను. నువ్వు ఏడవకు."

"ఏడవట్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో అమ్మమ్మా. రేపు అతన్ని పాట అడగకు."